కార్తీక పౌర్ణమినాడు ఏడు చుక్కలు

అనకాపల్లి,
ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలు.

చిరంజీవి యశస్వినిని మీ నాన్న మనసారా దీవించి రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేనూ అమ్మా క్షేమం. ఊళ్ళో మామ్మా, కుమారి అత్తా క్షేమం. అక్కడ నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఎప్పుడూ ఈ ముక్క కలం దానంతటదే రాసేసేది. ఇవాళ 'తలుస్తాను' దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, మళ్ళీ మొదలుపెట్టాను.

ముందే ఒక మాట. ఈ ఉత్తరం వరండాలో నడుస్తూనో, మెట్ల మీద నిలబడో చదవకు. పగలు, వెలుతురున్న చోట కూర్చుని చదువు. పక్కన నీ స్నేహితురాలు పావని ఉంటే మరీ మంచిది. ఇది నా కళ్ళ గురించీ, నీ కళ్ళ గురించీ రాస్తున్న ఉత్తరం. నాకు భయంగా ఉందమ్మా. నలభై ఆరేళ్ళ మగాడు కూతురికి 'భయంగా ఉంది' అని రాయడమేమిటని సిగ్గుపడి ఇప్పటికి రెండు కాగితాలు చింపేశాను. అమ్మ చూసి, "ఏటండీ, పిల్ల దగ్గర కూడా పెద్దరికమేనా? ఉన్నదున్నట్టు రాసీండి" అని మూడో కాగితం చేతిలో పెట్టింది. అదే ఇది.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఎలా చెప్పను? మీ వార్డెన్ గారి బల్ల మీద ఫోను, దానికి స్పీకరు, నీ వెనక ముప్ఫై మంది పిల్లల వరస. మనిషికి మూడు నిమిషాలు. 'తిన్నావా, దగ్గు తగ్గిందా' అనేసరికే ఆవిడ గడియారం చూస్తుంది. ఇది మూడు నిమిషాల్లో అయ్యే మాట కాదు. వార్డెన్ గారు ఈ ఉత్తరం విప్పి చదివితే చదవనీ. ఒక రకంగా ఆవిడ కూడా చదివితేనే మేలు.

సరే, నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. లేకపోతే 'నాన్న నా ప్రశ్నలు ఎగ్గొట్టాడు' అని నెల రోజులు సాధిస్తావు. నీ అక్షరాలు ఎప్పట్లాగే కోడి కెలికినట్టున్నాయి, అయినా మూడుసార్లు చదివాను.

సాయంత్రం స్టడీ అవర్‌కి ముందు, దక్షిణం వైపు నీళ్ళ ట్యాంకు పైన పసుపుపచ్చగా నిలకడగా వెలుగుతున్నది ఏమిటన్నావు. అది శని. మిణుకుమిణుకుమనేది చుక్క, మిణకకుండా ఉండేది గ్రహం అని నీకు రెండో తరగతిలో చెప్పాను. మరిచిపోయావంటే ఆ కాలేజీవాళ్ళు నీ బుర్రలో ఉన్నది తీసేసి సూత్రాలు కూరేశారన్నమాట. పేరు వినగానే పావని కంగారుపడితే, మనింటి డాబా మీద పదేళ్ళుగా చూస్తున్నాం, ఆయన మనల్ని ఏమీ అనలేదని చెప్పు.

తూర్పున పిల్లలకోడి చుక్కల గుంపు వెనకాలే ఎర్రగా లేచేది రోహిణి. అది సరిగ్గానే గుర్తుపట్టావు. శభాష్.

ఇంక ఆ దీపాల వరస. 'రైలుపెట్టెల్లాగా దీపాలు పోతున్నాయి చూడవే' అని పావని అరిచిందనీ, నువ్వు తలెత్తేసరికి వెళ్ళిపోయాయనీ రాశావు. అవి ఈ మధ్య ఒక్కో రాకెట్టు మీద పదులకొద్దీ వదులుతున్న ఉపగ్రహాలు. మన బెల్లం రైతు సత్తియ్య చెరుకు తోటలో ఉండగా వాటిని చూసి, ఎవరో దొంగలు పైనుంచి డ్రోన్లు తిప్పుతున్నారని కాపలాకని మంచాలు డాబా ఎక్కించేశాడు. అదలా ఉంచు. యశూ, ఆ వరస ఆకాశం ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పోవడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. తలెత్తేలోపు వెళ్ళిపోదు. ఈ మాట మనసులో పెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

నీలం టార్చి పంపమన్నావు. హాస్టల్ వరండా మరీ చీకటనీ, కరెంటు పోయినప్పుడు మెట్ల మీద రెండుసార్లు జారావనీ, మిగతావాళ్ళందరూ టార్చి లేకుండానే గెంతుకుంటూ దిగిపోతున్నారనీ, పావని నిన్ను 'పిరికిపిల్లా' అంటోందనీ రాశావు. చదివి అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. అది మొదటిసారి చదివినప్పుడు. టార్చీ, రెండు జతల బ్యాటరీలూ, అమ్మ చేసిన బెల్లం గవ్వలూ నిన్న పార్శిల్ చేశాను. ఒకటి కాదు, రెండు టార్చిలు పెట్టాను.

ఇప్పుడు అసలు సంగతి.

నువ్వు దసరా సెలవులకొచ్చి వెళ్ళిన వారానికి, పొద్దున్న ఆరున్నరకి మార్కెట్‌కి వెళ్ళాను. కొత్త బెల్లం అప్పుడప్పుడే దిగుతోంది. నీకు తెలుసుగా, షెడ్డులో దిమ్మలు రైతువారీగా వరసలు పెడతారు, నేను మధ్య దారిలో నడుస్తూ రంగు చూసి మా షావుకారుకి చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఆ రోజు సత్తియ్య వరస దగ్గర కాలు దిమ్మకి తన్నుకుని బోర్లా పడ్డాను. మోచెయ్యి చెక్కుకుపోయింది, రెండు దిమ్మలు పగిలాయి.

"ఏటి రాజుగారూ, కళ్ళు నెత్తి మీదెట్టుకుని నడుత్తన్నారేటి?" అన్నాడు సత్తియ్య. చుట్టూ అందరూ నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. "దారికడ్డంగా ఎట్టీసి నన్నంటావేటయ్యా?" అని ఎగిరాను.

"అడ్డమేటండీ! పదేళ్ళనించీ నానెట్టే సోటే ఇది. మీరే పక్కకొచ్చీసేరు. బాగున్నారా లేదా, నీళ్ళు తాగుతారేటి?" అన్నాడు. పగిలిన తన దిమ్మల్ని వదిలేసి నా చెయ్యి పట్టుకుని లేపాడు. అతను చెప్పింది నిజమే. ఎదురుగా ఉన్న అతని మీసంలో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టగలను, కాలి పక్కనున్న పది కిలోల దిమ్మ నాకు కనపడలేదు. అక్కడ చీకటి కూడా లేదు. అక్కడ ఏమీ లేదు, అంతే.

ఆ రాత్రి డాబా ఎక్కాను. నీకు చిన్నప్పుడే నేర్పాను కదా, మసక చుక్కని సూటిగా చూడకూడదు, కాస్త పక్కకి చూస్తున్నట్టు చూస్తే ఓరకంట అదే తేలుతుందని. బైనాక్యులర్ కొన్న రోజునుంచీ నేను నమ్ముకున్న విద్య అది. పిల్లలకోడి వైపు తిరిగి అలాగే ఓరకంట చూశాను. సూటిగా చూస్తే మూడున్నాయి. ఓరకంట చూస్తే ఆ మూడూ పోయాయి. మళ్ళీ చూశాను. మళ్ళీ పోయాయి.  మెట్లు దిగడానికి ధైర్యం చాలక అమ్మని కేకేశాను. అప్పటికి ఎన్నాళ్ళనుంచో ఐదు కనపడితే ఆరు, నాలుగు కనపడితే ఆరు అని మన చుక్కల లెక్క పుస్తకంలో రాసుకుంటూ వస్తున్నాను. మబ్బనీ, ఊరి లైట్లనీ, అలిసిపోయాననీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఉన్నాయని తెలుసు కదా, తెలిసింది రాస్తే అబద్ధమెలా అవుతుందనుకున్నాను.

అమ్మ ఊరుకోలేదు. నూకాలమ్మకి మొక్కుకుని, మర్నాడే విశాఖపట్నం కళ్ళాసుపత్రికి లాక్కెళ్ళింది. అక్కడ ఒక చీకటి గదిలో పెద్ద గిన్నెలాంటి యంత్రంలోకి తల పెట్టించారు. ఎదురుగా ఒక గుర్తు వైపే చూస్తూ ఉండాలి, చుట్టూ ఎక్కడ చిన్న వెలుగుచుక్క మెరిసినా బటన్ నొక్కాలి. పదేళ్ళుగా చేస్తున్న పనే కదా అని హుషారుగా కూర్చున్నాను. చాలాసేపు ఏమీ కనపడలేదు. ఈపాటికి ఎక్కడో వచ్చే ఉంటుందని లెక్కగట్టి నొక్కడం మొదలుపెట్టాను. యంత్రం దగ్గరున్న అమ్మాయి ఆపేసింది. "లేనప్పుడు నొక్కుతున్నారండీ. కనపడకపోతే ఊరుకోండి, తప్పేం లేదు" అంది. నీకంటే నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. ఆ మాటకి నా తల కొట్టేసినట్టయింది.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పారు. కంటి వెనక పొరలో, చీకట్లో చూడటానికి పనికొచ్చే కణాలు అంచులనుంచి చచ్చిపోతున్నాయట. చాలా ఏళ్ళుగా జరుగుతోందట. నా రకానికి ప్రస్తుతం మందు లేదట. ఇంకా కొన్నేళ్ళు ఎదురుగా ఉన్నది చూస్తాను, చదువుతాను, బెల్లం రంగు చెబుతాను. ఆ తరవాత ఎంత మిగులుతుందో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. 'మీ ఇంట్లో ఎవరికైనా రేచీకటి ఉందా?' అని అడిగారు. లేదన్నాను. 'పిల్లలున్నారా?' అన్నారు. ఒక్క కూతురని చెప్పాను. 'ఇది వంశంలో వచ్చే జబ్బు. అమ్మాయికి రావచ్చు, రాకపోవచ్చు. ఒకసారి చూపించండి' అన్నారు.

అప్పుడు నేనేమన్నానో తెలుసా? "మా అమ్మాయికి అలాంటిదేమీ లేదండీ. పిల్లలకోడిలో ఏడు చుక్కలు లెక్కపెడుతుంది. ఏడేళ్ళ రికార్డుంది" అన్నాను. ఛాతీ విరుచుకుని అన్నాను. ఆవిడ చిరునవ్వు నవ్వి, 'మంచిదే, అయినా ఒకసారి తీసుకురండి' అన్నారు.

తిరుగుబస్సులో నాకు నా కళ్ళ గురించి దిగులు లేదు యశూ. నాకు పోతే పోయింది, నా కూతురికి ఏడు కనపడుతున్నాయి అని కొంగున ముడేసుకున్నట్టు ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను. అమ్మ కళ్ళు తుడుచుకుంటుంటే, పుస్తకం తీసి నీ వరస చూపించి ధైర్యం చెప్పింది నేనే.

మొన్న బుధవారం నీ ఉత్తరం వచ్చింది.

'నాన్నా, కార్తీక పౌర్ణమికి హాస్టల్లో దీపాలు పెట్టుకున్నాం. తరవాత మేడ మీదికెళ్ళి పిల్లలకోడి చూశాను. ఎప్పట్లాగే ఏడు. పుస్తకంలో రాసుకో' అని చివర్న రాశావు.

సంబరంగా పుస్తకం తీశాను. తేదీ వేశాను. పక్కన 'ఆకాశం' అన్న గడిలో ఏం రాయాలా అని ఆలోచించి, పెన్ను పక్కన పెట్టేశాను. యశూ, కార్తీక మాసానికి ఆ పేరు ఎందుకొచ్చింది? పౌర్ణమినాటి చంద్రుడు కృత్తికల దగ్గరికొస్తాడు కాబట్టి. కృత్తికలంటే మన పిల్లలకోడే. ఏడాది పొడుగునా ఏ పున్నమినాడైనా దాన్ని వెతకొచ్చునేమో గానీ ఆ ఒక్క పున్నమినాడు కుదరదు. నిండు చంద్రుడు దాన్ని ఆనుకుని కూర్చుంటాడు. ఆ రోజు మన డాబా మీద నుంచి అమ్మ చూసింది, దానికి కళ్ళు బాణాల్లాంటివి. 'ఒకటో రెండో ఉన్నట్టున్నాయండీ, అదీ సెయ్యి అడ్డమెట్టుకుంటే' అంది. నువ్వేమో లైట్ల మధ్య, హాస్టల్ మేడ మీద నుంచి ఏడు చూశావు.

అంటే నువ్వు చూసి రాయలేదు. తెలిసి రాశావు.

 నీ ఉత్తరం మళ్ళీ మొదటినుంచీ చదివాను. ఈసారి నవ్వు రాలేదు. జారిన మెట్లు, అడిగిన టార్చి, నువ్వు తలెత్తేసరికి వెళ్ళిపోయిన నాలుగు నిమిషాల దీపాలు. నువ్వడిగిన ప్రశ్నలు చూశాను. శని, రోహిణి, ఆ దీపాల వరస. అన్నీ పెద్దవి, అన్నీ వెలుగున్నవి. ఒక్క మసక చుక్క గురించి నువ్వు అడగలేదు. పోయినేడు ఉత్తరాలు తీశాను. వాటిలోనూ లేదు. నేను చీకట్లో ఒక్కణ్ణే నడుస్తున్నాననుకుంటే, వెనక నా చొక్కా అంచు పట్టుకుని నువ్వు కూడా వస్తున్నట్టనిపించింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

నువ్వు బద్ధకించి మేడ ఎక్కకుండానే రాసి ఉండొచ్చు కదా అంటుంది అమ్మ. "పిల్లకి పరీక్షలండీ, ఏదో మీ సంతోసానికి రాసీసుంటాది" అని పది సార్లు అంది. అదే నిజమవ్వాలి దేవుడా అని దణ్ణం పెట్టాను. కూతురు అబద్ధం రాసిందని తేలితే బాగుండునని మొక్కుకున్న తండ్రిని నేనే అయ్యుంటాను.

గురువారం బస్సెక్కి ఎస్. రాయవరం వెళ్ళాను, మామ్మ దగ్గరికి. చీకటి పడకముందే వెళ్ళి వచ్చేయాలని పొద్దున్నే బయల్దేరాను. స్కూటర్ తాళం అమ్మ దాచేసింది, నేనూ అడగలేదు. మామ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది.

"అమ్మా, నీకు సాయంత్రమయితే కళ్ళు కనపడవా?" అని నేరుగా అడిగేశాను.

మామ్మ చేతులు ఆగాయి. "ఎవులు సెప్పేరు?" అంది.

"ఎవరూ చెప్పలేదు. నాకూ అదే వచ్చింది."

మామ్మ చిక్కుడుకాయలు పక్కకి జరిపింది. తరవాత, "సీకటడితే నాకేటీ అవుపడదురా కనకా. సిన్నప్పట్నించీ అంతే. అందుకే దీపాలేళకి వంటయిపోగొట్టీసి మూల కూకునేదాన్ని. కొత్త కోడలు బెట్టు సేత్తందనీవోరు మీ నాన్నోలు" అంది.

"మరి ఎవరికీ చెప్పలేదా ఇన్నేళ్ళూ?"

"ఎలా సెప్పేదిరా? నా పెళ్ళిలో పంతులుగారు ఆకాశం సూపించి, అరుంధతి అవుపడిందామ్మా అన్నాడు. మిట్టమజ్జానం! నాకేటీ అవుపళ్ళేదు. మా పిన్ని ఈపు మీద పొడిసి, అవుపడిందనీయే అంది. అవుపడిందండీ అనీసేను. అందరూ అచ్చింతలేసేరు. అప్పట్నించీ ఎవులేది అడిగినా అవుపడిందనీడమే అలవాటైపోనాది."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మా పెళ్ళిలోనూ అంతే. పగలు పదకొండు గంటలకి పంతులుగారు పైకి చూపించారు, నేను కనపడిందన్నాను, మీ అమ్మ కనపడిందంది, ఫొటోగ్రాఫర్ కూడా కనపడినట్టే పైకి చూశాడు. మన ఇళ్ళల్లో ఆకాశం వైపు చూసి మొట్టమొదట నేర్చుకునేది అదే. కనపడకపోయినా కనపడిందనడం.

నేను లేచి బయల్దేరుతుంటే మామ్మ నా చెయ్యి పట్టుకుంది. "మన యశూ గుంటకి కూడా వచ్చిందేటిరా?" అంది. తెలీదన్నాను. "దాన్ని అడుగు. నన్నడిగినట్టు జనంలో అడక్కు. ఒక్కదాన్నీ కూకోబెట్టి అడుగు" అంది.

అందుకే ఇదంతా ఫోన్లో అందరి ముందూ అడగకుండా, కూర్చుని చదువుకునేలా రాస్తున్నాను. ఇంకొకటి మిగిలింది. ఇది అమ్మకి కూడా నిన్నటిదాకా చెప్పలేదు.

ఇంటికొచ్చి పుస్తకం మొదటి పేజీలనుంచి తిరగేశాను. నీకు తొమ్మిదేళ్ళప్పుడు మొదలుపెట్టాం. ఒక గడి నాది, ఒక గడి నీది. ప్రతిసారీ నేనే ముందు గట్టిగా చెప్పేవాణ్ణి, తరవాత నువ్వు. అలా చేయకూడదని నాకిప్పుడు తెలుస్తోంది. మొట్టమొదటి రోజు మామ్మ వాళ్ళ డాబా మీద. మంచి చీకటి, మబ్బు లేదు. నా గడిలో ఏడు. నీ గడిలో అంకె దిద్ది ఉంది. కింద ఉన్నది గీతలతో కప్పేసి, దాని మీద లావుగా 7 వేసి ఉంది. ఆ దిద్దుబాటు నా చేతిదే.

నాకు అంతా గుర్తొచ్చేసింది. "నాలుగు నాన్నా" అన్నావు. "నాలుగేటే? ఏడున్నాయి, సరిగ్గా సూడు" అన్నాను. "నాలుగే ఉన్నాయి" అన్నావు. "ధ్యాస ఎక్కడో ఎట్టుకుని సూత్తే అలాగే ఉంటాది, నోరు మూసుకుని సూడు" అని కసిరాను. నా కూతురు ఆకాశం చూడటంలో మొద్దుగా ఉండకూడదని నా గొప్ప. నువ్వు ఏడుపు మొహం పెట్టావు. కాసేపటికి 'ఏడు' అన్నావు, నేను మెచ్చుకుని బెల్లం ముక్క నోట్లో పెట్టాను. ఇన్నాళ్ళూ నాకు జ్ఞాపకం ఉన్నది ఆ బెల్లం ముక్కే.

కానీ అసలు జరిగిన వరస అది కాదమ్మా. నువ్వు 'ఏడు' అన్నాక నేను దిద్దలేదు. నువ్వు కళ్ళు తుడుచుకుంటుండగానే, విసుగ్గా టార్చి వెలుగులో నీ నాలుగుని కొట్టేసి ఏడు వేసేశాను. అది చూసి నువ్వు 'ఏడు' అన్నావు. ఆ తరవాత ఏడేళ్ళు, మనం కలిసి చూసిన ఒక్క రోజు తప్పకుండా, నీ గడిలో నా అంకే ఉంది. నేను ఆరంటే ఆరు, ఏడంటే ఏడు. తొమ్మిదేళ్ళ పిల్ల తన జబ్బు తానే చెప్పింది. డాక్టరు కూడా అంత స్పష్టంగా చెప్పలేదు. తండ్రినైన నేను పెన్నుతో కొట్టేశాను.

ఆ రికార్డు చూపించే డాక్టరమ్మ దగ్గర ఛాతీ విరుచుకున్నాను.  పన్నెండేళ్ళప్పుడు సంధ్యవేళ సైకిల్ మీద కాలవలో పడ్డావు, తిట్టాను. సినిమా హాల్లో లోపలికి రాగానే నా చెయ్యి గట్టిగా పట్టుకునేదానివి, గారమనుకున్నాను. ఇన్నాళ్ళూ చీకట్లో ఎలా తిరిగావు తల్లీ? చీకటంటే అందరికీ అంతేననుకుని ఉంటావు. నేనూ నలభై ఆరేళ్ళు అలాగే అనుకున్నాను.

నా భయం నిజం కాకపోవచ్చు. ఆ రోజు నువ్వు నిజంగా ధ్యాస లేకుండా చూసి ఉండొచ్చు, మొన్న మేడ ఎక్కకుండా రాసి ఉండొచ్చు. అదే అయితే నిన్ను తిట్టను, ఎత్తుకుని తిప్పుతాను. కాకపోతే కూడా చదువు ఆగిపోదు. నువ్వు చెయ్యాలనుకుంటున్న పెద్ద టెలిస్కోపుల ఉద్యోగంలో ఎవరూ కన్ను పెట్టి చూడరట, కంప్యూటర్లో చూస్తారట. డాక్టరమ్మనే అడిగి తెలుసుకున్నాను. ముందే తెలిస్తే ఎలా నడవాలో, ఏ పని పెట్టుకోవాలో, ఏ మందు వచ్చినప్పుడు ఎవరిని కలవాలో చూసుకోవచ్చట. ఆలస్యమే చెడ్డదట. ఈ ముక్కలు నీ ధైర్యానికీ, నా ధైర్యానికీ రాస్తున్నాను.

వచ్చే శనివారం నేనూ అమ్మా పగటి రైలుకి వస్తున్నాం. వార్డెన్ గారికి వేరే ఉత్తరం రాశాను, సోమవారం రాత్రి వరకు నిన్ను పంపమని. సోమవారానికి కళ్ళాసుపత్రిలో పేరు రాయించాను. ఈలోపు మెట్ల దగ్గర పావని చెయ్యి పట్టుకో. పిరికిపిల్లా అంటే అననీ. రోడ్డు చీకటి పడ్డాక దాటకు.

శనివారం సాయంత్రం చంద్రుడు త్వరగా దిగిపోతాడు. మీ హాస్టల్ మేడ మీద ముగ్గురం కూర్చుందాం. నేను నోరు విప్పను. అమ్మని కూడా విప్పనివ్వను. నువ్వు చూసి, ఎన్ని కనపడితే అన్ని చెప్పు. నాలుగంటే నాలుగు. రెండంటే రెండు. ఏమీ లేవంటే ఏమీ లేవు. కనపడలేదు అన్న మాట మన ఇంట్లో మొదటిసారి నీ నోటినుంచే విందాం. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తాను. పెన్ను నీ చేతికే ఇస్తాను.

ఆ మొదటి పేజీ చింపి ఈ ఉత్తరంతో పాటు పెడుతున్నాను. ఎండలో పట్టుకుని చూడు, గీతల కింద నీ నాలుగు ఇంకా ఉంది. కొత్త పేజీలో శనివారం తేదీ ఇప్పుడే వేశాను. నిన్న సాయంత్రం నాకు కనపడినవి రెండు, అది పై వరసలో రాశాను. శనివారం గడులు రెండూ ఖాళీగా ఉన్నాయి.

ఇట్లు,
ఈసారి నీ తరవాతే లెక్కపెట్టే
మీ నాన్న,
కనకరాజు.